వరంగల్ నీటిగట్టు: గోదావరికి కొంత, కృష్ణకు కొంత

పాకాల చెరువు, రామప్ప చెరువు రెండూ కాకతీయుల నాటివి. రెండింటినీ 13వ శతాబ్దిలో, గణపతిదేవుని పాలనలోనే కట్టారు. అడవి ఒకటే, గుట్టల తీరు ఒకటే, కురిసే వానలోనూ పెద్ద తేడా లేదు. అయినా ఈ రెండు చెరువులు నిండి, మిగులు నీరు దాటిపోయే మత్తళ్ల మీదుగా దుంకిన నీళ్లు తమంతట తాముగా మళ్లీ ఎక్కడా కలుసుకోవు. పాకాల నీరు మున్నేరుగా మారి, మహబూబాబాద్, ఖమ్మం మీదుగా దక్షిణానికి పారి, కృష్ణలో కలిసి హంసలదీవి దగ్గర సముద్రం చేరుతుంది. రామప్ప నీరు వాగుల వెంట జారి గోదావరికి చేరి, అంతర్వేది దారి పడుతుంది. ఈ రెండు చెరువుల నడుమ ఉన్నది గొప్ప పర్వతశ్రేణి ఏమీ కాదు. కంటికి ఆనని ఒక నేలవంపు మాత్రమే.

తెలంగాణలోని రెండు పెద్ద పరీవాహకాలను విడదీసే జలవిభాజక రేఖ, అంటే నీటిగట్టు, పాత వరంగల్ జిల్లా నడిమధ్య నుంచి పోతుంది. పరకాల, శాయంపేటల వైపు కురిసిన వాన చలివాగు, మానేరుల వెంట గోదావరికి పోతే, వర్ధన్నపేట, నర్సంపేటల వైపు కురిసిన వాన ఆకేరు, మున్నేరుల వెంట కృష్ణకు పోతుంది. పటంలో గోదావరి, కృష్ణ రెండూ లావాటి నీలి గీతలుగా కనిపిస్తాయి కాబట్టి పరీవాహకం అనగానే ఆ గీతలే మనసులో మెదలుతాయి. కానీ వరంగల్ వాసికి ఆ రెండు నదులూ దూరమే. అతని ఊరి పక్కన పారేది వాగు, ఊరి ముందు నిలిచేది చెరువు. ఉత్తర తెలంగాణ నీటి సంస్కృతిని అర్థం చేసుకోవాలంటే నదుల దగ్గర కాక, ఈ గట్టు మీద మొదలుపెట్టడమే సరైనది.

గట్టు మీద నది ఉండదు. ఓరుగల్లును రాజధానిగా ఎంచుకున్నవారికి ఎదురైన మొదటి చిక్కు అదే. ఇక్కడి నేలకింద ఉన్నది పాత గ్రానైటు. పైన చల్క అనే ఎర్ర ఇసుక నేల, ఆ కింద మొరం, ఇంకా కిందికి పోతే గట్టి బండ. వాన నీరు మొరం పొర దాకా ఇంకుతుంది. ఆ కింద బండ పగుళ్లలో దొరికినంతే. వానాకాలం నాలుగు నెలల్లో వచ్చిన నీటిని ఎక్కడికక్కడ ఆపకపోతే మిగతా ఎనిమిది నెలలు బతుకు లేదు. అయితే నీటిని నిలవనీయని ఆ బండే మరో మేలు చేసింది. గుట్టకూ గుట్టకూ నడుమ సందులు ఇరుకుగా ఉండడం వల్ల చిన్న కట్టతో పెద్ద చెరువు తయారవుతుంది. లక్నవరంలో జరిగింది ఇదే. కొండల నడుమనున్న మూడు సన్నని కనుమలను పొట్టి కట్టలతో మూస్తే లోపలి లోయ మొత్తం చెరువైంది. కట్టిన పని కొంచెం, నిలిచిన నీరు కొండంత. కాకతీయుల ఇంజనీరింగును పొగిడేవారు సాధారణంగా కట్టల దిట్టతనాన్నే చెబుతారు గానీ, అసలు తెలివి చోటును ఎంచుకోవడంలో ఉంది.

ఆ ఎంపికకు అండగా ఒక విలువల వ్యవస్థ కూడా ఉండేది. కన్నబిడ్డతో పాటు చెరువును, గుడిని, తోటను, కావ్యాన్ని, నిధిని, అగ్రహారాన్ని కలిపి సప్తసంతానాలుగా లెక్కించిన కాలమది. రాజు ఒక్కడే చెరువులు కట్టించలేదు. సేనానులు, సామంతులు, వారి ఇళ్ల ఆడవారు, వర్తకులు కూడా కట్టించారు. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ఆ గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుని సేనాని. 2021 జూలైలో యునెస్కో ఆ గుడికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు చర్చ అంతా శిల్పాల మీద, నీటిలో తేలే ఇటుకల మీద నడిచింది. గుడితో పాటు పుట్టిన చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తూనే ఉందన్న మాట వెనకబడింది. ఎనిమిది వందల ఏళ్లుగా వాడుకలో ఉండడం కూడా వారసత్వంలో లెక్కకు రావలసిన విషయమే.

చెరువు అంటే గుంత నిండా నీళ్లు అనుకుంటే పొరపాటు. దానికి ఒక శరీరం ఉంటుంది. ముందు కట్ట, కట్ట అడుగున నీటిని పొలాలకు వదిలే తూము, నిండిన తరువాత మిగులు నీరు దాటిపోయే మత్తడి, లోపల నీరు తగ్గేకొద్దీ బయటపడే శిఖం భూమి, కట్టకు దిగువన ఆయకట్టు. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు పారాలో చూడడం నీరటికాడి పని. ఒక చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు, దాని మత్తడి నీళ్లు ఆ కింది కుంటకు పోతాయి. గొలుసుకట్టు అనే మాట ఇక్కడిదే. గట్టు మీది ఊళ్లలో పరీవాహకం అంటే ఈ గొలుసే. పై చెరువు కట్ట తెగితే కింది చెరువుకు ముప్పు, పై చెరువుకు నీరు వచ్చే దారి మూసుకుపోతే కింది చెరువుకు ఎండు. అందువల్ల ఎగువ ఊరికీ దిగువ ఊరికీ నడుమ పొత్తు, పోరు రెండూ తప్పవు.

చెరువు నిండి మొదటిసారి పారిన రోజును ‘మత్తడి దుంకింది’ అంటారు. పారింది అనరు, దుంకింది అంటారు. ఆ రోజు ఊరు ఊరంతా కట్ట మీదికి వస్తుంది. కట్టమైసమ్మకు పసుపు కుంకుమ పెట్టి, మొక్కుకున్నవారు యాటను, అంటే మేకనో గొర్రెనో, కోస్తారు. మత్తడి దిగువన మోకాలి లోతు నురుగులో నిలబడి, ఎదురెక్కే చేపల కోసం వలలు పడతారు. కట్టమైసమ్మ గుడి చాలా ఊళ్లలో నాలుగు రాళ్ల గూడు మాత్రమే. అది ఊరి నడుమ ఉండదు, కట్ట మీదే ఉంటుంది. కట్ట నిలబడితేనే ఊరు నిలబడుతుందని తెలిసినవారు పెట్టుకున్న కావలి అది.

బతుకమ్మను కూడా ఈ నేల నుంచి విడదీసి చూడలేము. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు మొదలై తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. నైరుతి వానలు వెనుదిరిగే వేళ అది, చెరువులు ఏడాది మొత్తంలో అత్యంత నిండుగా ఉండే వేళ. పేర్చే పూలలో ముఖ్యమైనవి తంగేడు, గునుగు. ఒకటి గుట్టబోళ్ల మీద, బీళ్లలో పూస్తుంది. రెండోది చల్క చేలలో కలుపుగా లేస్తుంది. ఎవరూ నాటనివి, నీళ్లు పోయనివి, వాన పడితే వాటంతట అవే వచ్చేవి. వాన నేల మీద పూయించిన పూలను, అదే వాన నింపిన చెరువుకు అప్పగించడం ఈ పండుగలో జరిగే పని. హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద సద్దుల నాడు గుమిగూడే వేల మందిలో ఎందరు దీన్ని ఇలా తలుస్తారన్నది వేరే మాట. పూల ఎంపిక, తిథి, నిమజ్జన స్థలం మూడూ చెరువు చుట్టూనే తిరుగుతున్నాయన్నది మాత్రం కాదనలేనిది.

గట్టు దిగి ఉత్తరానికి, తూర్పుకు పోతే నేల మారిపోతుంది. గ్రానైటు అయిపోయి ఇసుకరాయి మొదలవుతుంది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన పొడవాటి పల్లంలో, కోట్ల ఏళ్ల కింద పేరుకున్న గోండ్వానా పొరల మీద ప్రాణహిత, గోదావరి నడుస్తాయి. రామగుండం, మందమర్రి, భూపాలపల్లి, మణుగూరు బొగ్గు గనులన్నీ ఆ పొరల్లోనివే. మంచిర్యాల జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నాయి. నది తనకు దారి ఏర్పరచుకుందనడం కన్నా, నేల ముందే కుంగి పరిచిన దారిలోకి నది దిగిందనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద తెలంగాణలో అడుగుపెడుతుంది. మంజీర, హరిద్ర అక్కడే వచ్చి కలుస్తాయి. అప్పటికి నది చాలా దూరమే నడిచి ఉంటుంది గానీ, మహారాష్ట్రలో అది దాటి వచ్చింది ఎక్కువగా వానచాటు నేల. పైగా దారి పొడుగునా ఆనకట్టలు. గోదావరి మీది పోచంపాడు జలాశయానికి జవహర్‌లాల్ నెహ్రూ 1963లో శంకుస్థాపన చేసినప్పుడు 112 టీఎంసీలుగా అనుకున్న నిల్వ, పూడిక చేరి 90 టీఎంసీలకూ, ఆ తరువాత ఇంకా కిందికీ దిగింది. సరిహద్దుకు ఎగువనున్న బాబ్లీ బ్యారేజీపై వివాదాన్ని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా బాబ్లీ గేట్లు తెరిచి ఉంచాలి. బాబ్లీ నిల్వ మూడు టీఎంసీలకు లోపే. అంత చిన్న బ్యారేజీ కోసం అంత పెద్ద పోరాటం ఎందుకంటే, ఈ మేరలో గోదావరి అంత పేదది కాబట్టి.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి కలవడంతో ఆ కథ తిరగబడుతుంది. వార్ధా, వైన్‌గంగ కలిసిన చోట నుంచి లెక్కిస్తే ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లే. కానీ అది మోసుకొచ్చే నీరు దాదాపు 1,09,000 చదరపు కిలోమీటర్ల నేలది, అంటే మొత్తం గోదావరి పరీవాహకంలో మూడో వంతుకు పైగా. వేసవిలో సంగమం దగ్గర నిలబడి చూస్తే, గోదావరి వైపు ఇసుక తిన్నెలు తేలి ఉన్నా ప్రాణహిత వైపు నీటి పాయ కదులుతూ కనిపిస్తుంది. ఒక్క పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు అనే రెండు లింగాలున్న గుడి సరిగ్గా అక్కడే వెలిసింది. ఇంత పొట్టి నదికి 2022లో జరిగినట్టు సొంత పుష్కరాలు ఉండడం, అంతర్వాహినిగా తలచే సరస్వతికి 2025 మేలో అదే చోట పుష్కరాలు జరగడం చూస్తే, ఆ సంగమానికి జనం ఇచ్చే విలువ తెలుస్తుంది. నీటి లెక్కలు రాసే ఇంజనీరు, మునకలు లెక్కపెట్టుకునే భక్తుడు ఇద్దరూ ఒకే చోటును ముఖ్యమనడం అరుదుగా జరుగుతుంది. కాళేశ్వరం అలాంటి చోటు.

బాసర, ధర్మపురి, మంథని, చెన్నూరు, కాళేశ్వరం, భద్రాచలం అన్నీ గోదావరి ఒడ్డువే. నది ఒడ్డు సంస్కృతి క్షేత్రాల సంస్కృతి. అక్కడ స్నానం ఉంది, పిండప్రదానం ఉంది, పుష్కరం ఉంది. గట్టు మీది సంస్కృతి మత్తడిది, మైసమ్మది, బతుకమ్మది. అయితే రెండింటికీ నడుమ ఒక మాట వంతెనగా నిలిచింది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో గోదావరిని గోదావరి అనడం తక్కువ, ‘గంగ’ అనడం ఎక్కువ. గంగకు పోయివచ్చాం అంటే గోదావరి స్నానం చేసివచ్చామని అర్థం. ఈ ఒడ్డు చరిత్ర కూడా చాలా పాతది. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటనున్న కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. ఆ ప్రాంతంలో కొంత భాగం ఎల్లంపల్లి జలాశయం నీటి కింద మునిగింది.

వరంగల్ మామూలు రైతుకు చాలాకాలం అంతుపట్టని విషయం ఒకటుంది. జిల్లా సరిహద్దులోనే గోదావరి పారుతుండగా, ఎక్కడో నిజామాబాద్ చివరన ఉన్న పోచంపాడు నుంచి కాలువ ఎందుకు తవ్వారు? దీనికి జవాబు పటంలో దొరకదు, ఎత్తుల లెక్కలో దొరుకుతుంది. పోచంపాడు పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. కరీంనగర్ దగ్గరి దిగువ మానేరుది 920 అడుగులు. వరంగల్ నేల దాదాపు 870 అడుగులు. కాబట్టి కాకతీయ కాలువలో నీరు వందల కిలోమీటర్లు మోటారు అవసరం లేకుండా తనంత తానే పారి వస్తుంది. ఏటూరునాగారం దగ్గర పారే గోదావరి మాత్రం వరంగల్ కన్నా ఇంచుమించు రెండు వందల మీటర్ల పల్లంలో ఉంటుంది. దూరపు గోదావరి అందుతుంది, దగ్గరి గోదావరి అందదు. ఆ దగ్గరి నీటిని పైకి తెచ్చేందుకే దేవాదుల ఎత్తిపోతల, అదే ఆలోచనను ఎన్నో రెట్లు పెంచినది 2019 జూన్‌లో ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల. మేడిగడ్డ బ్యారేజీ దగ్గర వంద మీటర్ల మట్టంలో ఉన్న నీటిని కొండపోచమ్మ సాగర్ దాకా, ఆరు వందల మీటర్లు దాటిన మట్టానికి లేపాలి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీని మోసే పియర్లు (స్తంభాలు) కుంగిన తరువాత చర్చ అంతా నాణ్యత చుట్టూ, బాధ్యుల చుట్టూ తిరిగింది. ఆ చర్చ అవసరమైనదే. కానీ పియర్లు కుంగకపోయినా, ప్రాణహిత నీరు సమృద్ధిగా దొరికే చోటు పల్లంలో, నీరు కావలసిన చోటు గట్టు మీద ఉందన్న చిక్కు, దాన్ని కరెంటుతో తీర్చుకునే ఖర్చు అలాగే ఉంటాయి.

నదికీ గట్టుకూ నడుమ అడవి ఉంది. అక్కడి ఆదివాసుల నీటి నడవడి వేరు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు జరిగే నాగోబా జాతరకు ముందు, మెస్రం వంశపు గోండులు జన్నారం వైపు గోదావరిలోని హస్తినమడుగు దాకా రోజుల తరబడి కాలినడకన పోయి, ఝరి అనే పాత్రలో నీళ్లు నింపుకొని తిరిగి కాలినడకనే వస్తారు. నాగోబాకు అభిషేకం ఆ నీటితోనే జరుగుతుంది. ఇంటి పక్కన బోరు ఉన్నా, బండి ఉన్నా, ఆ నీటికి ఆ నడకే విలువ. నదిని కొలిచేందుకు నది దగ్గరే గుడి కట్టాలన్న నియమం ఇక్కడ లేదు.

మేడారానిది ఇంకో రకం కథ. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయ సైన్యంతో పోరాడి సంపెంగ వాగులో ప్రాణం విడిచాడని, అప్పటి నుంచి అది జంపన్నవాగైందని కోయల నమ్మకం. కరువు కాలంలో కప్పం కట్టలేకపోవడమే ఆ యుద్ధానికి కారణమని కథ చెబుతుంది. రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళకు వచ్చే లక్షల మంది ముందు ఆ వాగులో మునిగి, ఆ తరువాతే బంగారంగా పిలిచే బెల్లంతో గద్దెల దగ్గరికి పోతారు. మాఘం నాటికి వాగులో నీరు సన్నబడి ఇసుక బయటపడుతుంది. అందుకని జాతర కోసం లక్నవరం చెరువు నీటిని వాగులోకి వదులుతారు. కాకతీయుల మీద కత్తి దూసి పడిపోయిన వీరుడి వాగును, ఇప్పుడు కాకతీయుల చెరువు నింపుతోంది. ఏ కథకుడూ కల్పించని మలుపు ఇది. పంట కాలువల లెక్కలోంచి వచ్చింది.

సన్నబడిన ఇదే వాగు వానాకాలంలో ఎలా మారుతుందో 2023 జూలై చూపింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఏడాది మొత్తానికి కురిసే సగటు సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఇరవై నాలుగు గంటల్లో కురిసిందన్నమాట. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని తెల్లవారకముందే ముంచెత్తింది. జనం డాబాలెక్కి నిలబడితే హెలికాప్టర్లు, పడవలు వచ్చి దించాయి. జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచి ప్రాణాలు తీసింది. మేడారం జాతరకు గోవిందరాజు అనే వేల్పును తీసుకొచ్చేది ఆ కొండాయి నుంచే.

భద్రాచలంలో 1986లో గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినప్పటి స్థితితో దీన్ని పోల్చి చూడాలి. భద్రాచలానికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలున్నాయి. ఎగువన పేరూరు, కాళేశ్వరం మట్టాలు చూసి, వరద ఎప్పటికి చేరుతుందో ముందే చెప్పగలరు. నది పెద్దదైనకొద్దీ వరద నిదానంగా నడుస్తుంది, ఊళ్లు ఖాళీ చేయించడానికి వ్యవధి ఉంటుంది. వాగుకు ఆ నిదానం లేదు. దాని పరీవాహకం చిన్నది, వాలు ఎక్కువ, పైన పడిన వాన గంటల్లో కిందికి దిగుతుంది. పైనున్న గొలుసులో ఒక కట్ట తెగినా ఆ నీరంతా ఒక్కసారే వాగులోకి వస్తుంది. పెద్ద నదులకున్న వరద కొలబద్దలు, హెచ్చరిక అంకెలు చాలా వాగులకు లేవు. 2024 సెప్టెంబరు 1న గట్టుకు ఇటు వైపు, కృష్ణా పరీవాహకంలో అదే జరిగింది. ఆకేరు, మున్నేరు ఒకేసారి పొంగాయి. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఖమ్మంలో మున్నేటి ఒడ్డు కాలనీలు మునిగాయి. వరద నష్టాన్ని ఇప్పటికీ గోదావరి వరద, కృష్ణా వరద అనే పద్దుల్లోనే ఆలోచించడం అలవాటు. 2023, 2024లలో ఉత్తర తెలంగాణను ఎక్కువగా దెబ్బతీసింది మాత్రం ఆ రెండు నదుల ఒడ్డు కాదు, వాగుల ఒడ్డు.

మొదట చెప్పుకున్న రేఖ చట్టంలోనూ ఉంది. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ తుది తీర్పు 1976లో, గోదావరిపై 1980లో వచ్చాయి. రెండు పరీవాహకాలు, రెండు తీర్పులు, ఇప్పుడు రెండు యాజమాన్య బోర్డులు. నేల మీద మాత్రం ఆ రేఖను కాలువ ఎప్పుడో దాటేసింది. కాకతీయ కాలువ వరంగల్ దాటి మహబూబాబాద్ వైపు, రెండో దశలో సూర్యాపేట దాకా పోతుంది. ఆ పొలాలు కృష్ణా పరీవాహకంలోనివి. పోచంపాడు నుంచి వచ్చిన గోదావరి నీరు అక్కడి వరి మళ్లలో నిలిచి, మిగిలినది ఒర్రెల్లోకి జారి, ఆకేరులో కలుస్తుంది. ఖమ్మం జిల్లా తీర్థాలలో ఆకేరు మున్నేరును కలిసే చోట సంగమేశ్వరుని గుడి ఉంది. పాకాల చెరువు కింద మొదలైన ప్రవాహం, త్ర్యంబకంలో పుట్టిన ప్రవాహపు చిన్న పాయ ఆ గుడి ముందు ఒక్కటై కృష్ణ వైపు సాగుతున్నాయి. శివరాత్రికి అక్కడ మునిగేవారు ఆ నీటిలో ఏ నది వాటా ఎంతని అడగరు.